ఖాళీగా బయటికొచ్చిన గిన్నె

ఆపరేషన్ థియేటర్లో కొత్తగా చేరిన నర్సు పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. కాఫీ గ్లాసు సగం కాకముందే అడుగుతారు, "సిస్టర్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసేది?" అని. రక్తం ఏరులై పారిన కథ ఏదో చెబుతానని వాళ్ళ ఆశ. నేనేమో ఒక స్టీలు గిన్నె గురించి మొదలుపెడతాను. వాళ్ళ మొహాలు కొంచెం వాడిపోతాయి. వాడిపోనీ. పెద్దదాన్ని, నా కాఫీ తాగుతూ నా కథ వినక తప్పదు వాళ్ళకు.

మా అనంతపురం వైపు ఆసుపత్రుల్లో ఒక ఆచారం ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు గానీ ఏ జీవోకీ లేనంత బలం దానికి ఉండేది. పొట్టలోంచి ఏం తీసినా, బయట కాచుకున్న బంధువులకు చూపించి తీరాలి. థియేటర్ తలుపు తెరుచుకుంటుంది, గిన్నెతో సిస్టర్ బయటికి వస్తుంది, పదిమంది చుట్టూ మూగుతారు. ఒకరు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటారు, ఒకరు దండం పెడతారు, మేనమామ వరసవాడొకడు ఫోనులో ఫోటో తీస్తాడు. గిన్నెలో ఉన్నది ఎంత పెద్దదైతే ఆపరేషన్ అంత గొప్పగా జరిగినట్టు లెక్క. ముప్పై ఏళ్ళకు పైగా ఆ గిన్నె మోసింది నేనే. అబద్ధమెందుకు, తలుపు దాటి అడుగు బయట పెట్టేటప్పుడు నా నడకలో కాస్త దర్జా కూడా ఉండేది.

నాది బెళుగుప్ప దగ్గర పల్లె. నోరు పెద్దదని చిన్నప్పటి నుంచీ పేరు. థియేటర్‌కు హెడ్ సిస్టర్ అయ్యాక ఆ నోటికి హోదా కూడా తోడైంది. సర్జన్లు వస్తారు, బదిలీ మీద పోతారు. నేను మాత్రం ఉన్నచోటే ఉన్నాను. ఏ డాక్టరు ఎప్పుడు ఏ కత్తి అడుగుతాడో ఆయన చేయి చాచకముందే నాకు తెలిసేది. ఆ తెలివే ఒకరోజు నా పరువు తీసింది. అక్కడికి వస్తాను.

దానికి ముందు ఒక మేస్త్రీ సంగతి చెప్పాలి. విడపనకల్లు వైపు నుంచి వచ్చాడు, గోడలు కట్టే మనిషి. ఎడమ పక్కటెముకల కింద ప్లీహంలో నీటితిత్తి. ప్లీహమంటే మన జనం 'బల్ల' అంటారే, అది. ఆ రోజుల్లో బల్లలో తిత్తి అంటే బల్లనే తీసేయడం, అంతకు మించి ఆలోచన లేదు. పొట్ట నిలువునా కోశారు, తీశారు. నా గిన్నె నిండిపోయింది. వాళ్ళావిడ చూసి నా చేతులు పట్టుకుంది. పదో రోజున మేస్త్రీ నవ్వుకుంటూ ఇంటికి పోయాడు. పోయేటప్పుడు నేను చెప్పిన జాగ్రత్త ఒకటే: కారం తగ్గించుకో అని.

బల్ల లేని మనిషికి కొన్ని రకాల జ్వరాలు యముళ్ళు. ముందుగా టీకాలు వేయాలి, ఒళ్ళు వెచ్చబడితే గంటల్లో ఆసుపత్రికి పరుగెత్తాలి. అది అతనికి ఎవరమూ గట్టిగా చెప్పలేదు. రెండేళ్ళు తిరక్కుండా ఒక ఉదయం జ్వరంతో తెచ్చారు, సాయంత్రానికి లేడు. వాళ్ళావిడ నన్ను గుర్తుపట్టింది. "అంతా తీసేసినారు కదమ్మా, నువ్వే కదా చూపిస్తివి," అంది. ఆమె నన్ను నిందించలేదు, అర్థం కాక అడిగింది.

ఇక నా కథలోకి వస్తున్నాను. నేను రిటైరవడానికి మూడేళ్ళ ముందు కోస్తా నుంచి ఒక కొత్త సర్జనమ్మ వచ్చింది. మనిషి సన్నం, మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుము పట్టు. పొట్ట కోయకుండా నాలుగు రంధ్రాలు పెట్టి, కెమెరాతో టీవీలో చూస్తూ ఆపరేషన్ చేయడంలో చేయి తిరిగినది. మొదట్లో మా ఇద్దరికీ పొసగలేదు. "కండ్ల ముందర మనిషిని పెట్టుకోని టీవీ చూసే డాక్టరు," అని నేను వెనక అనేదాన్ని. అది ఆమె చెవిన పడేలాగే అనేదాన్ని. ఆమె నవ్వి ఊరుకునేది. కోపం తెచ్చుకుని ఉంటే నాకు హాయిగా ఉండేది.

ఆమె దగ్గరికి గుమ్మఘట్ట వైపు నుంచి ఒక గొర్రెల కాపరుల పిల్ల వచ్చింది. పిల్ల అంటున్నాను గానీ ముప్పై దగ్గర పడిన మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి. వెంట వాళ్ళ నాయన. ఆమె మొగుడు మందను విడిచి రాలేక ఆగిపోయాడు. ఎడమ పక్క పొట్ట ఎత్తుగా ఉంది, దాని మీద గుండ్రంగా నాలుగు వాతల మచ్చలు. బల్ల పెరిగిందని ఊళ్ళో ఎవరో కాల్చి పెట్టినవి.

స్కానింగ్‌లో బల్ల కింది కొసన కొబ్బరికాయంత తిత్తి కనిపించింది. లోపల పొరలు తేలుతున్నాయి. గొర్రెలు, కుక్కల మధ్య బతికేవాళ్ళకు వచ్చే పురుగు తిత్తి అది. డాక్టరమ్మ కొన్ని వారాల పాటు పురుగు మందు మింగించింది. ఒకవేళ బల్ల తీయాల్సి వస్తుందేమోనని టీకాలు కూడా ముందే వేయించింది. ఆ పని చేస్తుంటే నాకు మేస్త్రీ గుర్తొచ్చి, ఆమె మీద నా కోపం ఒక మెట్టు దిగింది.

ఆపరేషన్ ముందు రోజు ఆ పిల్లకు సంగతంతా చెప్పే పని నామీద పడింది. డాక్టరమ్మ కోస్తా తెలుగు వాళ్ళకు సగమే ఎక్కేది.

"బల్ల తీసేస్తే ఏమైతాది సిస్టరమ్మా?" అని అడిగింది.

"బతుకుతావు. కాకపోతే జ్వరమొస్తే మాత్రం ఉన్నపళంగా ఆసుపత్రికి రావల్ల. తెల్లారినాక పోదాంలే అంటే కుదరదు."

"మేం ఆరు నెల్లు మంద తోలుకోని పోతాం. ఒగ రోజు ఈ చేన్లో, ఒగ రోజు ఆ చేన్లో. యాడుంటామో మాకే తెల్దు. బస్సు కాదు గదా, ఫోను కూడా పలకదు. అట్లయితే నన్ను ఇంట్లో కూసోబెడ్తారు."

"కూర్చో. బిడ్డల్ని చూసుకో."

"గొర్రెలిడ్సి ఇంట్లో కూసుంటే నాకు ఊపిరాడదు. నా బల్ల నాకుండనీమని డాక్టరమ్మకు చెప్పు."

మామూలుగా 'తీసేయండి, పీడా పోతాది' అనేవాళ్ళనే చూశాను నేను. ఉండనీమని అడిగిన మొదటి మనిషి ఈ పిల్ల. డాక్టరమ్మతో చెప్తే, "నేనూ అదే అనుకుంటున్నాను సిస్టర్. తిత్తిని శుభ్రం చేసి, దాని పైకప్పు తీసేసి, బల్లను అలాగే ఉంచేద్దాం. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అంది.

మరుసటి రోజు ఉదయం అలవాటు ప్రకారం అన్నీ సర్దాను. చిన్న పరికరాల పక్కనే పొట్ట కోసే పెద్ద ట్రే కూడా పెట్టాను. దాని పక్కన నా గిన్నె, తళతళా తోమి. డాక్టరమ్మ చేతులు కడుక్కుని వచ్చి చూసింది.

"ట్రే ఉండనివ్వండి, అవసరం పడొచ్చు. ఆ గిన్నె మాత్రం తీసేయండి సిస్టర్. అది కనబడుతుంటే ఏదో ఒకటి వేసేదాకా అందరికీ మనసొప్పదు."

నాకు కారం రాసినట్టయింది. గిన్నెను టేబుల్ కింద అరలో పెట్టాను, చప్పుడయ్యేలాగా.

మొదలైంది. ఆ వాతల మచ్చల పక్కనే చిన్న రంధ్రం పెట్టింది. కెమెరా లోపలికి పోయింది. టీవీలో బల్ల కనిపించింది, నల్లగా నిగనిగలాడుతూ. దాని కొసన తెల్లటి తిత్తి ఉబ్బి ఉంది. ఇన్నేళ్ళలో ఎన్నో బల్లలు చూశాను, అన్నీ గిన్నెలోనే. ఉన్నచోట ఉండి, ఊపిరితో పాటు పైకీ కిందకీ కదిలే బల్లను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. నోరు తెరుచుకుని చూస్తుంటే పక్కన మత్తు డాక్టరు, "ఏం సిస్టర్, టీవీ బాగుందా?" అన్నాడు. నేను విననట్టు రక్తం అద్దే గుడ్డ అందించాను.

ఆ తిత్తిలో నీళ్ళు పొట్టలో చిందాయంటే రెండు ప్రమాదాలు. ఒళ్ళంతా దద్దుర్లు లేచి రక్తపోటు పడిపోవచ్చు, అప్పటికప్పుడు ప్రాణం మీదికి రావచ్చు. లేదా ప్రతి చుక్కా రేపు ఇంకో తిత్తి కావచ్చు. అందుకని చుట్టూ చిక్కటి ఉప్పునీటిలో తడిపిన గుడ్డలు పరిచింది. మత్తు డాక్టరు సూదులు నింపి చేతికందేలా పెట్టుకున్నాడు, ఇక జోకులు లేవు. డాక్టరమ్మ తిత్తిలోకి సూది గుచ్చి, గుచ్చిన చోటే గొట్టంతో పీల్చేసింది. చెలమ నీళ్ళంత తేటగా వచ్చాయి. ఒక్క చుక్క జారలేదు. మళ్ళీ ఉప్పునీళ్ళు లోపలికి పంపి, పురుగు చచ్చేదాకా గడియారం చూస్తూ కూర్చున్నాం. నా నోరు కూడా మూతబడింది మరి.

తర్వాత తిత్తి తెరిచి, లోపలి తెల్లటి పొరను సంచిలోకి లాగింది. ముదిరిన తాటిముంజ తోలులా వణుకుతూ వచ్చింది. ఇక పైకప్పు కత్తిరించడమే మిగిలింది. సగం కత్తిరించేసరికి అంచు నుంచి రక్తం చిమ్మింది. టీవీ మొత్తం ఎర్రబడింది.

పిల్లలూ, ఇక్కడే నా పరువు పోయింది. ముప్పై ఏళ్ళుగా బల్ల దగ్గర రక్తం కనబడితే నా చేయి ఏం చేసేదో ఆ రోజూ అదే చేసింది. ఎవరూ అడగకముందే పెద్ద ట్రేలోంచి కత్తి తీసి డాక్టరమ్మ అరచేతిలో పెట్టేశాను. పొట్ట కోయి, బల్ల తీసేయి అని దానర్థం. నోటితో అనలేదంతే.

ఆమె ఒక్క క్షణం ఆ కత్తి వైపు చూసింది. నా వైపు కాదు, కత్తి వైపే. దాన్ని ట్రేలో పెట్టేసి, "గుడ్డ ఇవ్వండి సిస్టర్," అంది, మంచినీళ్ళు అడిగినట్టు. గుడ్డను లోపలికి పంపి అంచు మీద అదిమి పట్టింది. "ఐదు నిమిషాలు. ఎవరూ కదలొద్దు. సిస్టర్, మీరు టైము చూడండి."

నా చేతులు ఊరుకోవని ఆమెకు తెలుసు, అందుకే నాకు గడియారం అప్పగించింది. ఆ ఐదు నిమిషాలూ నేను ప్రార్థన చేశాను. నా ప్రభువుతో పాటు, ఆ పిల్ల మెడలోంచి తీసి పెట్టిన ఎల్లమ్మ తల్లి బిళ్ళను కూడా అడిగాను. ఎవరు పలికినా మంచిదే.

గుడ్డ తీసింది. అంచు పొడిగా ఉంది. మిగతాది జాగ్రత్తగా కత్తిరించి, పేగుల మీది కొవ్వు పొరను ఆ గుంటలో సర్దింది. బల్ల అలాగే ఉంది, ఊపిరితో పాటు కదులుతూ. మత్తు డాక్టరు మాస్కు కింద ఏదో పాట కూనిరాగం తీశాడు. నాకు చెప్పలేనంత సంతోషమేసింది. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక భుజానికి రుద్దుకున్నాను.

ఆ సంతోషంలో జరిగిందే అసలు నవ్వులాట. కాళ్ళకు కూడా అలవాటుంటుంది. వంగి, కింది అరలోంచి గిన్నె తీసుకుని, ఎప్పటి దర్జాతోనే తలుపు తోసుకుని బయటికి పోయాను. ఆ పిల్ల నాయన, వాళ్ళ ఊరివాళ్ళు నలుగురు ఒక్కసారిగా లేచి వచ్చి గిన్నెలోకి తొంగి చూశారు. నేనూ చూశాను. తళతళలాడే గిన్నె, దాంట్లో మా ఆరుగురి మొహాలు.

"ఏమమ్మా, గిన్నె ఖాళీగా తెస్తివి. తీసిందేది?" అన్నాడు నాయన.

"బల్ల తీయలేదన్నా. లోపలే ఉండాది. బిడ్డ బాగుంది."

"తీయకుంటే మూడు గంటలసేపు లోపల ఏం చేస్తాంటిరి?"

పక్కనున్నాయన అందుకున్నాడు. "ఏమప్పా, పొట్ట కొయ్యలేదంట, బల్ల తీయలేదంట. నాలుగు పట్టీలు ఏసి పంపిస్తే ఊర్లో ఏం చెప్పల్ల మనం?"

"కోసే ధైర్యం లేక మళ్ళా మూసినట్టుండారు," అన్నాడు ఇంకొకాయన.

నాయన మొహం నల్లబడింది. "నిజం చెప్పమ్మా. నా బిడ్డకు చేసేదేం లేదని ఇడ్సిపెట్టినారా?"

ఇన్నేళ్ళూ గిన్నె చూపించి చూపించి జనానికి ఆ నమ్మకం నేర్పింది మేమే కదా. "ఉండన్నా," అని లోపలికి పరుగెత్తి, పరీక్షకు పంపాల్సిన సీసా తెచ్చాను. మందునీళ్ళలో ఆ తెల్లటి పొర తేలుతోంది. డాక్టరమ్మ కూడా నా వెనకే వచ్చింది.

ఆయన సీసాను వెలుతురుకు ఎత్తి పట్టి అటూ ఇటూ తిప్పాడు. కోపం ఎటో పోయింది.

"ఇది నాకు తెల్సు," అన్నాడు మెల్లగా. "గొర్రెను కోసినప్పుడు కార్జంలో ఉంటాది. నీళ్ళ బుడ్డలు. చీలిస్తే లోపల ఇదే పొర."

"దాన్నేం చేస్తారన్నా మీరు?"

"ఏం చేస్తాం. అది మనుషులు తినేది కాదు. కోసి కుక్కలకేస్తాం."

డాక్టరమ్మ చెప్పింది, నేను మా భాషలోకి మార్చాను. ఆ బుడ్డ తిన్న కుక్క కడుపులో పురుగు పెరుగుతాది. దాని గుడ్లు కుక్క పెంటతో బయటికొచ్చి, దాని వెంట్రుకలకు, నేలకు అంటుకుంటాయి. చేతుల ద్వారా మన కడుపులోకి పోయి ఏండ్ల తరబడి ఇట్లా తిత్తి అవుతాది.

ఆయన సీసా నా చేతికిచ్చి గోడకు ఆనుకున్నాడు. "చిన్నప్పుడు ఇది కుక్కపిల్లను చంకలో పెట్టుకోని పండుకునేది. ఆ కుక్కకు ఏసేది నేనే."

నాకు తెలియకుండానే నా నోరు తెరుచుకుంది. "అన్నా, నువ్వు తెలీక ఏసినావు. నేను అన్నీ తెలిసి కూడా ఈ పొద్దు లోపల డాక్టరమ్మ చేతికి కత్తి ఇచ్చినా. ఆయమ్మ తీసుకోలేదు గాబట్టి నీ బిడ్డ బల్ల నిలిచింది. మనిద్దరికీ బుద్ధొచ్చింది, అంతే."

ఆయన చిన్నగా నవ్వాడు. డాక్టరమ్మ నేల చూపులు చూసింది. ఆ కత్తి గురించి ఆమె అంతవరకూ నాతో ఒక్క మాట అనలేదు. ఆ తర్వాతా అనలేదు.

"అయితే కుక్కల్ని సంపేయమంటారా?" అని అడిగాడు పక్కనున్నాయన.

"వద్దు," అంది డాక్టరమ్మ కంగారుగా. పశువుల ఆసుపత్రిలో కుక్కలకు పురుగు మాత్రలు వేయించమని, ఆ బుడ్డల్ని కుక్కలకు అందనంత లోతుగా పూడ్చిపెట్టమని, చేతులు కడుక్కోమని చెప్పింది. పిల్ల నాలుగో రోజున నడుచుకుంటూ ఇంటికి పోయింది. ఈసారి నేను కారం మాట ఎత్తలేదు. పురుగు మందు ఎన్నాళ్ళు మింగాలో, స్కానింగ్‌కు ఎప్పుడు రావాలో, జ్వరమొస్తే ఏం చేయాలో ఆమె చేత మూడుసార్లు అప్పజెప్పించుకున్నాను.

మరుసటేడు వానల తర్వాత ఒక ఉదయం వార్డు ముందు ఆ నాయన కనిపించాడు. "బిడ్డకు జరమమ్మా. రెండు దినాల్నుంచి. మంద కాడ నుంచి బండి మీద తెచ్చినా," అన్నాడు. మేస్త్రీ వాళ్ళావిడ మొహం కళ్ళ ముందు నిలబడింది. పరుగెత్తుకుంటూ పోతే, ఆ పిల్ల బెంచీ మీద కూర్చుని బ్రెడ్డు టీలో ముంచుకుని తింటోంది. "ఏం సిస్టరమ్మా, అట్ల ఆయాసపడ్తాండావు?" అని నన్నే అడిగింది.

రక్త పరీక్షలు చేశారు. వానల్లో ఊరందరికీ వచ్చే మామూలు జ్వరమే. వచ్చారు కదా అని డాక్టరమ్మ స్కానింగ్ కూడా చేసింది. నాయన తలుపు దగ్గర నిలబడి ఉంటే నేనే చేయి పట్టి లోపలికి లాగాను.

"ఆ పొద్దు చూపించమంటివి కదన్నా. ఇప్పుడు చూడు."

డాక్టరమ్మ తెర అటు తిప్పి వేలు పెట్టి చూపించింది. తిత్తి ఉన్న గుంట పూడిపోయింది, కొత్త బుడ్డ ఎక్కడా లేదు. బూడిద రంగులో బల్ల, చుట్టూ మసక. ఆయన తలపాగా తీసి చంకలో పెట్టుకుని తెర దగ్గరికి వంగాడు.

"ఇదేనా?"

"ఇదే."

"కదుల్తాండాది."

"నీ బిడ్డ ఊపిరి తీసుకుంటాంది కదన్నా, దాంతో పాటు కదుల్తాది."

ఆయన చాలాసేపు చూశాడు. బిడ్డ ఊపిరి పీల్చినప్పుడు అది కిందికి దిగింది, వదిలినప్పుడు పైకి పోయింది. తర్వాత వెనక్కి జరిగి తలపాగా చుట్టుకున్నాడు.

"ఉండనీ," అన్నాడు. "ఆడనే ఉండనీ."